అనంతపురం పెరట్లో పిట్టలు మారాయంటే ముందు పక్క ప్లాటు చూడాలి

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. ఆకుతోటపల్లి వైపు ఊరి చివర ఇల్లు, చుట్టూ ఐదారు సెంట్ల పెరడు. వేప, జామ, కరివేపాకు, మునగ, మందారాలు ఉన్నాయి. రిటైరై ఇంటిపట్టునే ఉంటున్నారు. రెండేళ్ళుగా పిచ్చుకలు లేవు, పావురాలు పెరిగాయి, కాకులు పలచబడ్డాయి. తల బోడిగా ఉన్న గోరింక ఒకటి వస్తోంది. చలికాలంలో మీకు తెలియని పిట్టలు కనిపిస్తున్నాయి. తేనెపిట్ట కారు అద్దాన్ని పొడుస్తోంది. నెమలి గోడ ఎక్కుతోంది. పొద్దున్నే వినబడే కిచకిచలు కూడా తగ్గాయి. ఎదురింటి మిద్దె మీద సెల్ టవర్ పెట్టినప్పటి నుంచే ఇదంతా జరుగుతోందని మీ అనుమానం.

టవర్ సంగతి ముందు తేల్చేద్దాం సార్. సెల్ టవర్ల వల్లే పిచ్చుకలు పోయాయని ఇప్పటిదాకా ఎవరూ గట్టిగా రుజువు చేయలేదు. మన జిల్లాలోనే చూడండి. టవర్ కిందనే కిరాణా కొట్టు, దాని పంచలో పిచ్చుకల గూళ్ళు ఉన్న పల్లెలు ఇప్పటికీ ఉన్నాయి. టవర్ కంటికి కనబడుతుంది కాబట్టి నింద దాని మీదికి పోతుంది. దాంతోపాటే ఆ వీధిలో జరిగిన మిగతా మార్పులు మన కంటికి ఆనవు. మీరు రాసిన ఇంకో వాక్యాన్ని నేను రెండుసార్లు చదివాను: "పక్కన ఉన్న ఖాళీ ప్లాటులో కంపచెట్లు కొట్టేసి ఇల్లు కట్టారు, ఇప్పుడు వీధంతా శుభ్రంగా ఉంది." మీ ప్రశ్నలో సగానికి జవాబు అక్కడే ఉంది.

పిచ్చుక వలస పక్షి కాదు. పుట్టిన చోటు నుంచి పెద్దగా దూరం పోదు. దాని బతుకంతా ఓ నాలుగైదు వీధుల్లో తెల్లారుతుంది. అందుకే దానికి ఏం కావాలో ఆ కొద్దిపాటి జాగాలోనే అన్నీ దొరకాలి: గూటికి ఓ సందు, తిండికి గింజలు, పిల్లలకు పురుగులు, రాత్రి పడుకోవడానికి ముళ్ళచెట్టు, ఒళ్ళు దులుపుకోవడానికి పొడి దుమ్ము. ఇందులో ఏ రెండు పోయినా మిగతావి ఎంత ఉన్నా లాభం లేదు. మీ పెరట్లో వేప ఉంది, జామ ఉంది, గిన్నెలో నీళ్ళు ఉన్నాయి. పిచ్చుకకు కావలసిన మిగతావన్నీ మీ గోడ అవతల ఉండేవి.

ఆ కంపచెట్లనే తీసుకోండి. సర్కారు తుమ్మను మనం దండగమారి చెట్టు అంటాం, నిజానికి చాలాచోట్ల అది చేసే చెరుపు తక్కువేం కాదు. కానీ సాయంత్రం ఆరు గంటలప్పుడు ఊరిబయట ఓ దట్టమైన కంప దగ్గర ఐదు నిమిషాలు నిలబడి చూడండి. నలుమూలల నుంచి పిచ్చుకలు రెండూ మూడూగా వచ్చి దూరుతుంటాయి. లోపల కొమ్మ కోసం తోపులాట, ఒకటే గోల. చీకటి పడగానే ఎవరో స్విచ్ ఆపినట్టు మొత్తం ఆగిపోతుంది. పిల్లి దూరలేదు, జాలెడేగ దిగలేదు. అలాంటి పడక చోటును జేసీబీ ఒక్క పూటలో ఎత్తేస్తే ఆ గుంపు ఆ రాత్రే ఇంకో చోటు వెతుక్కోవాలి. దగ్గర్లో దొరికితే సరి, దొరక్కపోతే ఆ వీధికి ఇక రావు. చచ్చిపోయాయని కాదు, జరిగిపోయాయని అర్థం. మీ ఇంటికి అర కిలోమీటరు దూరంలో ఇంకా కంపలూ పాత ఇళ్ళూ ఉన్న వైపు ఓ సాయంత్రం నడిచి చూడండి. మీ పిచ్చుకలు అక్కడ ఉండే అవకాశమే ఎక్కువ.

గూళ్ళ సంగతీ అంతే. మన సీమలో మట్టి మిద్దెలు ఉన్న రోజుల్లో దూలానికీ దంతెలకూ మధ్య పిడికెడు సందు ఉండేది. కొట్టమైతే బోద కప్పు అంచు. అవి గూళ్ళ కోసం ఎవరూ పెట్టినవి కావు, కట్టడంలో మిగిలిపోయిన సందులు. ఆర్సీసీ శ్లాబులో సందు ఉండదు. గోడ గూటిలో పెట్టే దీపం బల్బుగా మారింది, ఆ గూడే లేకుండా పోయింది. వెంటిలేటర్లకు దోమల మెష్ వచ్చింది. ఇంటి ముందు చేటలో బియ్యం చెరిగి నూకలు విదిల్చే అలవాటు పోయింది. కిరాణా కొట్లో గోనెసంచి నోరు తెరుచుకుని ఉండేది, ఇప్పుడు అన్నీ ప్యాకెట్లే. సిమెంటు రోడ్డు వేసేసరికి దుమ్ము స్నానానికి కూడా చోటు లేదు. వీటిలో ఒక్కటీ పిచ్చుక మీద కోపంతో చేసింది కాదు, అన్నీ మన సుఖానికి చేసుకున్నవే. అందుకే ఎవరికీ అనుమానం రాదు.

పురుగుల విషయం చాలామంది మరిచిపోతారు. పెద్ద పిచ్చుక గింజలు తింటుంది కానీ పిల్లకు తొలి రోజుల్లో గింజ అరగదు. గొంగళి పురుగులు, చిన్న చిన్న కీటకాలు కావాలి. ఖాళీ ప్లాటులో వానాకాలం లేచే గరికా పిచ్చిమొక్కలూ ఆ పురుగుల కొట్టు. మీరు మందారానికి పిండినల్లి పట్టిందని మందు కొడుతున్నామని కూడా రాశారు. ఆ మందు పిండినల్లితో ఆగదు. వేపనూనె సబ్బునీళ్ళలో కలిపి ఆ కొమ్మలకు మాత్రమే కొట్టండి, లేదా నీళ్ళ పైపుతో గట్టిగా కడిగేయండి.

దేశం మొత్తం మీద పిచ్చుక అంతరించిపోతోందన్న మాట కూడా కొంచెం సరిచేయాలి. 2020లో వచ్చిన 'స్టేట్ ఆఫ్ ఇండియాస్ బర్డ్స్' నివేదిక ప్రకారం పాతికేళ్ళలో పిచ్చుకల సంఖ్య దేశమంతటా ఇంచుమించు నిలకడగానే ఉంది, ఆరు మహానగరాల్లో మాత్రం తగ్గింది. అంటే ఊరు నగరంగా మారే చోట పిచ్చుక జరిగిపోతోంది. అనంతపురం చివరి కాలనీలన్నీ ఇప్పుడు సరిగ్గా ఆ మార్పులోనే ఉన్నాయి.

పావురాలూ కాకులూ ఇదే కథకు రెండో పక్క. పావురం మొదట కొండచరియల్లో గూడు పెట్టే పక్షి. మనం కట్టే అపార్ట్‌మెంట్ సజ్జలు, ఏసీ పెట్టెల వెనక సందులు దానికి కొండచరియలే. ఏడాది పొడుగునా పిల్లల్ని చేస్తుంది. పిచ్చుకల కోసమని మీరు మిద్దె మీద దోసిళ్ళతో చల్లే బియ్యం తినేది ఎక్కువగా ఇదే. పావురాలు వాలిన చోట చిన్న పిట్టలు దిగడానికి జంకుతాయి. పైగా ఆ రెట్టల దుమ్ము ఊపిరితిత్తులకు మంచిది కాదు, ఇంట్లో ఆయాసం ఉన్నవాళ్ళుంటే మరీ జాగ్రత్త. కాబట్టి మిద్దె మీద గింజలు చల్లడం వెంటనే ఆపండి. జొన్న కంకులో కొర్ర కంకులో కుచ్చుగా కట్టి పంచలో వేలాడదీయండి. కంకికి వేలాడుతూ తినడం పిచ్చుకకు వచ్చు, పావురానికి చేతకాదు. పాత ఇళ్ళలో, గుళ్ళలో వరి కుచ్చులు కట్టేవాళ్ళంటే ఊరికే కట్టలేదు.

కాకులు తగ్గడానికి కారణం బహుశా మీకు సంతోషం కలిగించేదే: చెత్త కుప్ప పోయింది. ఇంటింటికీ చెత్త బండి వస్తే వీధి చివర కుప్ప ఉండదు, కుప్ప లేకపోతే కాకి వేరే వీధి చూసుకుంటుంది. అక్కడా ఇక్కడా రెండు జతలు మిగిలి ఉంటే చాలు. వాటి గూళ్ళలోనే కోయిల గుడ్లు పెట్టాలి మరి.

కోయిల మాట వచ్చింది కాబట్టి ఇక్కడ ఒక పెద్ద పొరపాటు గురించి చెప్పాలి. దసరా దాటాక "కోయిలలు వెళ్ళిపోయాయి" అంటారు. ఎక్కడికీ పోలేదు. మగ కోయిల కూసేది జత కోసం, ఆ కాలం అయిపోతే నోరు మూసుకుని అదే వేప మీద కూర్చుంటుంది. చలికాలంలో పళ్ళు మాగిన చెట్లను గమనించండి, ఎర్రకళ్ళ నల్లపిట్ట ఒకటి చప్పుడు లేకుండా తింటూ కనబడుతుంది. దాని పక్కనే గోధుమరంగు మీద తెల్ల చుక్కలున్న పిట్ట ఉంటే అది ఆడ కోయిల, వేరే జాతి కాదు.

ఇలా రూపం మార్చే పిట్టల వల్ల వచ్చే తికమకే మీ "తెలియని పిట్టల్లో" కొన్ని. ఊదా తేనెపిట్టను దగ్గరగా చూడండి. ఎండాకాలంలో మగది నిగనిగలాడే నీలి నలుపు. గూడు కాలం ముగిశాక, ఇంచుమించు సెప్టెంబరు నుంచి, ఆ మెరుపంతా రాలిపోతుంది. పైన బూడిద, కింద వెలిసిన పసుపు, గడ్డం నుంచి పొట్ట దాకా సిరా ఒలికినట్టు ఒక్క నల్లటి చార, రెక్క మీద అక్కడక్కడా నీలి తునకలు. ఈ వేషంలో దాన్ని చూసి కొత్త పిట్ట అని ఫొటోలు పంపేవాళ్ళు ప్రతి ఏడూ ఉంటారు. సంక్రాంతి దాటాక చూడండి, చారకు అటూ ఇటూ నలుపు పాకుతుంది.

గిజిగాడిదీ ఇదే తంతు. వానాకాలంలో మగదాని నెత్తి పచ్చగా మెరుస్తుంది, బావి మీదికి వంగిన ఈతచెట్టుకో కంపచెట్టుకో గూడు అల్లుతుంటే ఎవరైనా గుర్తుపడతారు. కార్తీకం తర్వాత ఆ పసుపు పోయి ఆడపిచ్చుకలా తయారవుతుంది. "మా చేను దగ్గర పిచ్చుకలు గుంపుగా వచ్చాయి" అని చలికాలంలో వచ్చే కబుర్లలో కొన్ని గిజిగాళ్ళవే. ముక్కు చూడండి: గిజిగాడి ముక్కు లావుగా, మొదలు వెడల్పుగా ఉంటుంది.

ఇక నిజంగా బయటి నుంచి వచ్చేవి. గులాబీ గోరింకలు మధ్య ఆసియా వైపు నుంచి జులై, ఆగస్టుల్లోనే దిగడం మొదలుపెట్టి ఏప్రిల్ దాకా ఉంటాయి. ఒళ్ళు లేత గులాబీ, తలా రెక్కలూ నలుపు. పిల్లపక్షులైతే మాసిన బూడిద రంగులో ఉంటాయి, అందుకే ఎవరూ పోల్చుకోరు. జొన్న చేలు, మిడతలు ఉన్న బీళ్ళు, వేసవి మొదట్లో పూసే బూరుగు చెట్లు వాటి అడ్డాలు. సాయంత్రం బుక్కరాయసముద్రం చెరువు వైపు ఆకాశంలో వందల పిట్టలు ఒక్కసారిగా మలుపు తిరిగితే అవి ఇవే కావచ్చు. మీ మందారాల పొదలో "చక్... చక్" అంటూ ఎంతకీ బయటికి రాని మట్టిరంగు చిన్న పిట్ట బహుశా బ్లైత్స్ రీడ్ వార్బ్లర్. తెలుగులో దీనికి జనం వాడే పేరు నేను వినలేదు. ఆగస్టు ఆఖరు నుంచి ఏప్రిల్ దాకా మన పెరళ్ళలో ఉండే ఈ వేలెడంత ప్రాణి గుడ్లు పెట్టడానికి మళ్ళీ హిమాలయాలు దాటి పోతుంది. పసుపూ నలుపూ కలిసిన వంగపండు పిట్ట కూడా మన వైపు ఎక్కువగా చలికాలపు చుట్టమే. ఇవి ఏప్రిల్‌లో మాయమైతే బెంగ పడకండి.

ఈ సందర్భంలో ఒక మాట. చిలమత్తూరు మండలం వీరాపురంలో ఊరి మధ్య చింతచెట్ల మీద గూళ్ళు పెట్టే కొంగల్ని అందరూ "సైబీరియా కొంగలు" అంటారు. అవి సైబీరియావి కావు, మన దేశంలోనే ఉండే పెయింటెడ్ స్టార్క్‌లు. చెరువుల్లో నీళ్ళు, చేపలు ఉన్న ఏడు ఎక్కువ వస్తాయి, కరువు ఏడు తగ్గుతాయి. ఊరివాళ్ళు తరతరాలుగా వాటిని ఇంటి పిల్లల్లా చూసుకోవడం గొప్ప సంగతి, దానికి సైబీరియా పేరు తోడు అక్కర్లేదు.

మన ప్రాంతంలో పిట్టల రాకపోకలకు అసలు గడియారం వాన. అనంతపురంలో ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లు పడితే ఎక్కువ, అందులో పెద్ద వాటా సెప్టెంబరు, అక్టోబరుల్లోదే. వాన బాగా కురిసిన ఏడు గడ్డి పెరిగి, పురుగు పెరిగి, జీనువాయిలు (మునియా పిట్టలు) మీ పెరట్లో గరిక గింజలకు దిగుతాయి. వాన తప్పిన ఏడు చాలా పిట్టలు గూడే పెట్టవు, లేదా నీళ్ళున్న చోటికి జరుగుతాయి. అందుకని పోయిన ఏడాదిని ఈ ఏడాదితో పోల్చి "తగ్గాయి" అనడం మన జిల్లాలో మరీ ప్రమాదం. హంద్రీ-నీవా కాలువ నీళ్ళు, డ్రిప్పు కింద చీనీ, దానిమ్మ తోటలు వచ్చాక పిట్టలు దిగే చోట్లు కూడా మారాయి. ఒకప్పుడు జొన్న, కొర్ర చేల వెంట తిరిగినవి ఇప్పుడు అక్కడ ఉండవు. పళ్ళ మీద బతికే రామచిలుకలు, పిగిలిపిట్టలు (బుల్‌బుల్‌లు) మాత్రం తోటల వెంట పెరుగుతాయి.

పొద్దుటి కిచకిచలు తగ్గాయన్నారు కదా, దానికి ఇంకో కారణం చెబుతాను, ఏమీ అనుకోకండి. వయసు మీద పడ్డాక మన చెవి ముందుగా వదిలేసేది సన్నటి, హెచ్చు స్థాయి శబ్దాలనే. కాకి, కోయిల, గోరింక గొంతులు బాగానే వినబడతాయి. తేనెపిట్ట చిటచిటలు, జామచెట్టులో పూలపిట్ట చేసే సూదిలాంటి శబ్దం పోతాయి. పరీక్ష సులువు. పిట్ట గొంతు విని పేరు చెప్పే మెర్లిన్ అనే కార్నెల్ యూనివర్సిటీ వాళ్ళ యాప్ ఉచితంగా దొరుకుతుంది, మన ప్రాంతపు పక్షుల ప్యాక్ దించుకుంటే నెట్ లేకపోయినా పనిచేస్తుంది. పొద్దున దాన్ని పక్కన పెట్టుకుని కూర్చోండి. ఫోను వరుసగా పేర్లు చూపిస్తూ మీకు మాత్రం ఏమీ వినబడకపోతే తేడా చెవిలో ఉంది, చెట్టులో కాదు. మనవడో మనవరాలో ఉంటే ఇంకా మంచిది, వాళ్ళ చెవి యాప్ కంటే నమ్మకం. యాప్ చెప్పిన ప్రతిదీ నమ్మకండి కూడా. ఏట్రింత (చీలిన తోక ఉన్న నల్లపిట్ట) జాలెడేగలా అరిచి యాప్‌నూ తోటి పిట్టలనూ కలిపి మోసం చేయగలదు.

మీరు రిటైర్ అయ్యాక ఇంట్లో ఉండే వేళలు మారాయన్న సంగతి కూడా లెక్కలోకి తీసుకోండి. ఉద్యోగం రోజుల్లో ఆరున్నరకు మొక్కలకు నీళ్ళు పోసేటప్పుడు చూసిన పెరడు వేరు, ఇప్పుడు టిఫిను చేసి తొమ్మిదింటికి కుర్చీ వేసుకుని చూసే పెరడు వేరు. మన ఎండలకు తొమ్మిదయ్యేసరికి పిట్టల పని సగం అయిపోతుంది.

కాబట్టి మార్పు నిజమా కాదా తెలియాలంటే చూసే తీరు మారకూడదు. ఒకే కుర్చీ, ఒకే చోటు, పొద్దు పొడిచిన గంటలోపు, పదిహేను నిమిషాలు. రోజూ కుదరకపోతే వారానికి ఒక రోజు చాలు, కానీ ఆ రోజు తప్పకూడదు. ప్రతి జాతికీ ఒకేసారి కంటికి కనబడిన ఎక్కువ సంఖ్య రాయండి. ఒకే పిగిలిపిట్ట జత జామచెట్టుకు ఐదుసార్లు వస్తే కూడేస్తే పది అవుతాయి, ఉన్నవి మాత్రం రెండే. ఏ పిట్టా రాని రోజు కూడా రాయాలి. "ఈ రోజు పిచ్చుక సున్నా" అన్న రాత రెండేళ్ళ తర్వాత బంగారం. చాలామంది నోటు పుస్తకాల్లో వచ్చిన పిట్టలే ఉంటాయి, రానివి ఉండవు. అప్పుడు రాలేదో, రాయలేదో ఎవరికీ తెలియదు.

ఆ పక్కన ఇంకో గడి పెట్టి వీధి సంగతులు రాయండి: వాన పడిందా, మునగ పూసిందా, పక్క ప్లాటు చదును చేశారా, ఫాగింగ్ బండి వచ్చిందా, ఎవరైనా పిల్లిని తెచ్చుకున్నారా, వీధి దీపం కొత్తగా వేశారా. నా అనుభవంలో పిట్టల గడి కంటే ఈ గడే ఎక్కువ చెబుతుంది. పిట్టలన్నీ ఒక్కసారి నాలుగు రోజులు మాయమై, ఉడతలు మాత్రం ఆగకుండా చిటచిటలాడుతుంటే పై కొమ్మల్లో జాలెడేగను వెతకండి. గింజలు పెట్టే చోటు అది కనిపెట్టి ఉంటుంది. ఓ వారం గింజలు ఆపితే అదే వెళ్ళిపోతుంది.

ఈ లెక్కలు మీ పుస్తకంలోనే ఉండిపోకుండా ఈబర్డ్‌లో, అంటే అందరూ పిట్టల జాబితాలు ఎక్కించే వెబ్‌సైటులో, ఎక్కించండి. ప్రతి ఫిబ్రవరిలో నాలుగు రోజులు గ్రేట్ బ్యాక్‌యార్డ్ బర్డ్ కౌంట్ జరుగుతుంది, మన దేశం 2013 నుంచి అందులో ఉంది. అక్కడ కూడా పదిహేను నిమిషాల లెక్కే అడుగుతారు. 'స్టేట్ ఆఫ్ ఇండియాస్ బర్డ్స్' 2023 నివేదికలో 942 జాతుల పరిస్థితి తేల్చింది ఇలాంటి మామూలు మనుషుల జాబితాలతోనే. దీర్ఘకాలపు ధోరణి చెప్పడానికి సరిపడా సమాచారం దొరికిన 338 జాతుల్లో 60 శాతం తగ్గాయని తేలింది. తగ్గిన వాటిలో పాలపిట్ట ఉంది. నెమలీ కోయిలా బాగున్న వాటిలో ఉన్నాయి. బెంగళూరు, చెన్నైల నుంచి కుప్పలుగా జాబితాలు వస్తాయి. మన కరువు సీమ పెరళ్ళ నుంచి చాలా తక్కువ, కాబట్టి ఇక్కడి ఒక్కో జాబితాకు విలువ ఎక్కువ. తీరా చూస్తే మన పక్షుల్లో పేరున్నవన్నీ మెట్టనేల పిట్టలే. నంద్యాల జిల్లా రోళ్ళపాడు బట్టమేక పిట్ట (గ్రేట్ ఇండియన్ బస్టర్డ్), కడప లంకమల కలివికోడి (జెర్డాన్స్ కోర్సర్). కలివికోడి అంతరించిందనుకున్న చాలా దశాబ్దాలకు 1986లో రెడ్డిపల్లె దగ్గర మళ్ళీ దొరికింది, చూపించింది ఆ చుట్టుపక్కల పిట్టలు పట్టే మనిషే. కంపలూ బీళ్ళూ పనికిరాని భూమి అనుకోవడం వల్ల కూడా ఈ రెండూ అంతరించే స్థితికి వచ్చాయి. మీ పక్క ప్లాటు పిచ్చుకల కథ వాటి కథకు మరీ దూరం కాదు.

ఇప్పుడు మీరు చేయగలిగినవి. గోడ వెంబడి ఓ మూల రెండు గజాలు వదిలేయండి. ఊడ్చకండి, మందు కొట్టకండి, గరికా తోటకూరా లేస్తే లేవనీయండి. ఇంట్లో వాళ్ళు పాములంటారు, ఆ భయం తీసిపారేయదగింది కాదు. కాబట్టి ఆ మూల వాకిలికి, పిల్లలు ఆడుకునే చోటుకు దూరంగా ఉండాలి, రాళ్ళ కుప్పలు ఉండకూడదు. ఇంకో మూల కొంచెం పొడి మన్ను పోసి ఉంచండి. ముళ్ళచెట్టుగా గోరింటాకును కత్తిరించకుండా గుబురుగా పెంచినా చాలు, రెండేళ్ళలో పడక చోటవుతుంది. గూటి పెట్టె పెడితే చెక్కది, రంధ్రం 32 మిల్లీమీటర్లు, అంతకంటే పెద్దదైతే గోరింక ఆక్రమిస్తుంది. ఎనిమిది, పది అడుగుల ఎత్తున, పడమటి ఎండ తగలని గోడకు, ఫ్యానుకు దూరంగా. ఒక్కటి కాదు, దగ్గర దగ్గరగా మూడు పెట్టండి, పిచ్చుక ఇరుగుపొరుగు లేని చోట కాపురం పెట్టదు. రేకుపెట్టె మాత్రం వద్దు, మన మే నెల ఎండకు లోపల పిల్లలు ఉడికిపోతాయి.

నీళ్ళకు వెడల్పాటి మట్టి మూకుడు, రెండు అంగుళాల లోతు, మధ్యలో ఒక రాయి. రెండు రోజులకోసారి పారబోసి రుద్ది కడగండి. దోమ గుడ్డు దోమగా మారడానికి వారం పైన పడుతుంది కాబట్టి అప్పుడు డెంగీ టెన్షన్ ఉండదు. పాచి పట్టిన గిన్నె కంటే గిన్నె లేకపోవడమే మేలు, ఒక పిట్ట జబ్బు అన్నిటికీ అంటుకునేది అక్కడే. చద్దన్నం, మిక్చరు, ఉప్పు వేసినవేవీ పెట్టకండి.

బోడి గోరింకకు వైద్యం అక్కర్లేదు. తల మీది ఈకలు రాలితే కింద పసుపు చర్మం బయటపడి రాబందులా కనబడుతుంది. ఈకలు మార్చుకునే కాలం వల్లనో, గోరింక తన ముక్కుతో అందుకోలేని చోట పేలు, మైట్లు పట్టడం వల్లనో అలా అవుతుంది. చురుగ్గా తింటూ ఎగురుతుంటే వదిలేయండి, మళ్ళీ ఈకలు వస్తాయి. మెడ మెలితిరిగి గుండ్రంగా తిరిగే పావురం కనబడితే అది జబ్బు, ముట్టుకోకండి. ఒకే చోట మూడు నాలుగు కాకులు చచ్చి పడి ఉంటే పశుసంవర్ధక శాఖకు ఫోన్ చేయండి, ఒట్టి చేతులతో ఎత్తేయకండి.

కారు అద్దంలో తేనెపిట్టకు కనబడేది తన ప్రతిబింబమే, దాన్ని తన జాగాలోకి వచ్చిన ఇంకో మగపిట్ట అనుకుంటోంది. గంటల తరబడి అలాగే కొట్టుకుని అలసిపోతుంది, గూడు దగ్గర ఉన్న ఆడదాన్నీ పట్టించుకోదు. కారు ఆపినప్పుడు అద్దాలకు పాత సాక్సు తొడిగేయండి. గూడు కాలం దాటితే దానికే ఆ పంతం పోతుంది.

నెమలి గురించి మీరు సంబరంగా రాశారు, మేత పెట్టాలా అని అడిగారు. పెట్టవద్దు. ఊరి చుట్టూ బీళ్ళు ప్లాట్లయ్యేకొద్దీ నెమళ్ళు లోపలికి వస్తున్నాయి, ఇక్కడ మేత రుచి మరిగితే కుక్కల నోట పడతాయి, లేదా పక్క రైతు వేరుశనగ విత్తనం ఏరుకు తింటాయి, ఆ తగువు మీ గడప దాకా వస్తుంది. అది 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో మొదటి షెడ్యూలు పక్షి. పట్టుకోవడం, గుడ్లు తీసి కోడి కింద పొదిగించడం కూడా నేరమే, ఆ సలహా ఇచ్చే పెద్దమనుషులు మన వైపు ఉన్నారు కాబట్టి చెబుతున్నాను. గోడ ఎక్కితే ఎక్కనివ్వండి, కుక్క ఉంటే ఆ కాసేపు కట్టేయండి.

పొద మీది ఆ మట్టిరంగు పిట్టది ఫొటో దొరికితే పంపండి. ముఖం ఒక్కటే కాకుండా తోక, కాళ్ళు కూడా పడేలా తీయండి, ఏ రోజు ఏ వేళ తీశారో రాయండి. వార్బ్లరా, ఏడాది పొడుగునా మనతోనే ఉండే కుట్టుపిట్టా అన్నది తోకను బట్టి తేలిపోతుంది: కుట్టుపిట్ట తోక నిలువుగా నిక్కి ఉంటుంది, నెత్తి మీద ఇటుక రంగు ఉంటుంది.